‘16 బ్యాండ్ల’ స్పీడ్ కెమెరా డిటెక్టర్ కొని మోసపోయాను, మీరు కొనకండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు కారు నడిపే మన తెలుగువారికి ఈ హెచ్చరిక. పోలీసు కెమెరా ఎక్కడుందో ముందే చెబుతుందంటూ కారు సామగ్రి దుకాణాల్లో అమ్ముతున్న నల్ల పెట్టెను దయచేసి కొనకండి. నాకు 6,800 రూపాయలు పోయాయి. పైగా చలానా కూడా కట్టాను.

నా పని భువనేశ్వర్‌లో, మా అమ్మ కంటి వైద్యం విశాఖపట్నంలో. అటు వెళ్లినా ఇటు వచ్చినా 16వ నంబరు జాతీయ రహదారే. ఊరు వచ్చిన చోటల్లా వేగ పరిమితి మారుతుంది. లారీ పక్కన వెళ్తుంటే బోర్డు కనపడదు. అందుకే ముందుగా హెచ్చరించేది ఒకటి ఉంటే మంచిదనుకున్నాను. బరంపురంలో ఒక దుకాణదారు డబ్బా తీసి చూపించి, ‘16 బ్యాండ్లు, 360 డిగ్రీలు, లేజర్‌ను కూడా పట్టేస్తుంది, దేశంలోని కెమెరాలన్నీ జీపీఎస్‌తో ఇందులోనే ఉన్నాయి’ అన్నాడు. డబ్బా మీద దిగుమతి చేసుకున్నవారి పేరు లేదు, చిరునామా లేదు, గరిష్ఠ చిల్లర ధర లేదు. ఇవి ముద్రించి తీరాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. అక్కడే ఆగిపోవాల్సింది.

మొదటి రోజు నుంచే అరుపులు మొదలయ్యాయి. ఆసుపత్రి ముందు అరిచింది, బట్టల దుకాణం ముందు అరిచింది, పక్కనుంచి కొత్త కారు వెళ్లినా అరిచింది. కారణం తరువాత తెలిసింది. దానంతట అదే తెరుచుకునే అద్దాల తలుపు సెన్సర్లూ, పక్క వాహనాన్ని గమనించే కొన్ని కార్ల రాడార్లూ 24 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. రాడార్‌తో వేగం కొలిచే పోలీసు స్పీడ్ గన్‌లు వాడే ‘కే బ్యాండ్’ అనే తరంగాల శ్రేణి కూడా అదే. చవక రిసీవరుకు ఏది తలుపో ఏది పోలీసో తేడా తెలియదు.

అరవాల్సిన చోట మాత్రం అరవలేదు. రంభ దాటాక చిలికా నీళ్లు కనిపించే దారిలో, చెట్టు నీడలో వాహనాల వేగం కొలిచే పోలీసు ఇంటర్‌సెప్టర్ బండి ఆగి ఉంది. పెట్టెలో ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఫోనుకు చలానా వచ్చింది. పరిమితి 60 ఉన్న చోట నా వేగం 82. ఫోటోలో నా కారు నంబరు స్పష్టంగా ఉంది. తప్పు నాదే, కట్టేశాను.

ఇంటర్‌సెప్టర్‌లో ఉండేది సాధారణంగా లేజర్ గన్. దాని నుంచి వచ్చేది కంటికి కనిపించని పరారుణ కాంతి. 300 మీటర్ల దూరానికి కూడా ఆ పుంజం దాదాపు ఒక మీటరే విస్తరిస్తుంది. పోలీసు దాన్ని సూటిగా మీ నంబరు ప్లేటు మీదికి గురిపెడతాడు. అర సెకను లోపే వేగం లెక్క తేలిపోతుంది. నిజంగా పనిచేసే ఖరీదైన డిటెక్టరు ఉన్నా, అది మోగేసరికి మీ వేగం నమోదై ఉంటుంది. ఇక రెండు కెమెరాల మధ్య దూరానికి పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టే పద్ధతిలో, పసిగట్టడానికి రాడార్ తరంగమే ఉండదు.

పర్లాకిమిడిలో మా బావ ఎలక్ట్రానిక్స్ మరమ్మతు చేస్తాడు. ఆయన ముందు పెట్టి నాలుగు స్క్రూలు విప్పించాను. లేజర్ కిటికీ అని చెప్పిన ఎర్ర ప్లాస్టిక్ వెనక ఏమీ లేదు. బోర్డు మీద భాగం అమర్చాల్సిన చోట సోల్డర్ పడని రెండు రంధ్రాలు ఉన్నాయి, అంతే. జీపీఎస్ చిప్ అసలే లేదు. బావ ఆ ఎర్ర ముక్కను వేలితో నొక్కి, ‘దీనికే డబ్బులిచ్చావా?’ అన్నాడు. నాకు మాట రాలేదు.

డబ్బు సంగతి అటుంచండి. నేను ఈ మాట రాయడానికి అసలు కారణం ఇచ్ఛాపురం దగ్గర జరిగింది. వెనక సీట్లో అమ్మ ఉంది. పెట్టె ఒక్కసారిగా కీచుమంది, నా చూపు దాని మీదికి పోయింది. తల తిప్పేసరికి గడ్డిమోపు కట్టుకున్న సైకిలు రోడ్డు దాటుతోంది. బ్రేకు మీద నిలబడ్డాను. సైకిలుకూ బంపరుకూ మధ్య రెండు అడుగులు మిగిలాయి. ఆ ముసలాయన సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ నా భుజం పట్టుకున్న చేయి ఇంటికి వచ్చేదాకా తీయలేదు. పెట్టెను ఆ రోజే పీకేశాను.

దానికి బదులు మీ దగ్గర ఉన్నవే చాలు. 2019 జూలై 1 తరువాత తయారైన కార్లలో వేగం 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా హెచ్చరిక మోగుతుంది. గూగుల్ మ్యాప్స్ చాలా రోడ్ల మీద వేగ పరిమితినీ కెమెరాలనూ ఉచితంగానే చూపిస్తుంది. 2021లో వచ్చిన మోటారు వాహనాల నిబంధన 167ఎ ప్రకారం, ఎలక్ట్రానిక్ నిఘా ఉన్న రోడ్డుకు ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఆ బోర్డు మీద చూపు ఉంచండి.

ఇప్పటికే కొన్నవారు బిల్లు, డబ్బా రెండూ పారేయకండి. ‘తెరిచిన సరుకు తీసుకోం’ అని దుకాణదారు నా మీద కసురుకున్నట్టే మీ మీదా కసురుకుంటారు. వెనక్కి తగ్గకండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తరువాత మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. నేను బావ తీసిన ఫోటోలు జత చేసి ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. మీ పెట్టెలో ఆ ఎర్ర ప్లాస్టిక్ వెనక ఏముందో విప్పి చూసి, ఫోటో తీసి నాకూ చెప్పండి.