మూడేళ్ల డబ్బు కట్టేముందు సర్వర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉందో రాతపూర్వకంగా అడగండి

చవగ్గా వస్తోంది కదా అని షేర్డ్ హోస్టింగ్‌కి (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) మూడేళ్ల డబ్బు ఒకేసారి కట్టబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అయినా ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు. పాత సర్వర్లు పారేయలేక, చవక ప్లాన్ కొన్న కొత్తవాళ్లని వాటిలోకి తోసేవాళ్లు చాలామందే ఉన్నారు.

మాది మిద్దె తోటల వాళ్ల చర్చావేదిక. 2011లో పీహెచ్‌పీబీబీ అనే చర్చావేదికల సాఫ్ట్‌వేర్ 3.0 వెర్షన్ మీద మొదలుపెట్టాం. పేనుబంకకి ఏం కొట్టాలి, కుండీలో మట్టి పాళ్లు ఎంత, ఏ నెలలో ఏ విత్తనం వెయ్యాలి, ఇవన్నీ సభ్యులు తెలుగులో రాసిపెట్టినవి అందులో ఉన్నాయి. దాన్ని 3.3కి మార్చాలనే హోస్టింగ్ మార్చాం. ఎందుకంటే 3.0 నడిచేది పీహెచ్‌పీ 5 (సర్వర్‌లో సైట్‌ని నడిపే ప్రోగ్రామింగ్ భాష) మీద. ఆ వరసలో ఆఖరిదైన 5.6కి కూడా 2018 డిసెంబరు 31తో భద్రతా సవరణలు ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడ్డ కన్నాలు పూడ్చే బాధ్యత ఎవరిదీ కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పీహెచ్‌పీ 7.0 వచ్చినప్పుడు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లని మొత్తంగా తీసేశారు. అందుకని వాటి మీద నడిచే మా 3.0 బోర్డు 7 మీద లేవదు. 3.3 ఏమో 7.1 కన్నా తక్కువైతే ఎక్కదు. అంటే పాత బోర్డుని ముందు 5.6 మీద లేపి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, అదే అకౌంట్‌లో వెర్షన్ మార్చి కొత్త ఫైళ్లు ఎక్కించాలి. రెండు వెర్షన్లూ ఒకే చోట దొరకాలి. కొనేముందు చాట్‌లో అడిగింది ఇదే. "ఎస్ సర్, ఆల్ వెర్షన్స్ అవైలబుల్" అని జవాబు. వాళ్ల పేజీలో కూడా పెద్దక్షరాలతో "లేటెస్ట్ పీహెచ్‌పీ" అనే ఉంది.

డబ్బు కట్టాక సీప్యానెల్ (హోస్టింగ్ అకౌంట్‌ని చూసుకునే పేజీ) తెరిస్తే వెర్షన్ల జాబితా 5.3తో మొదలై 5.6 దగ్గర ఆగిపోయింది. బస్తా మీద సన్నబియ్యం అని అచ్చేసి లోపల రేషన్ బియ్యం పోసినట్టు.

వాళ్ల సపోర్ట్‌కి టికెట్ (ఫిర్యాదు) పెడితే వచ్చిన మొదటి జవాబు: బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసుకోండి. (ఏ ఊళ్లో ఏ హోస్టింగ్ వాళ్లని ఏమడిగినా మొదటి జవాబు ఇదేనేమో.) తర్వాత ఒక స్క్రీన్‌షాట్ పంపించారు, "మీ సర్వర్‌లో 7.4 ఉంది చూడండి" అని ఎర్ర గీత గీసి మరీ. జాగ్రత్తగా చూస్తే అది పీహెచ్‌పీమైఅడ్మిన్ (బ్రౌజర్‌లో డేటాబేస్‌ని చూసుకునే సాధనం) మొదటి పేజీ. అక్కడ కనిపించేది సీప్యానెల్ తన సొంత పనులకి వాడుకునే పీహెచ్‌పీ, మన సైట్‌ని నడిపేది కాదు. రెండింటికీ సంబంధమే లేదు. మీకూ ఇలాంటి స్క్రీన్‌షాట్ పంపిస్తే నమ్మకండి. పీహెచ్‌పీఇన్ఫో అనే ఒక్క ఫంక్షన్ ఉన్న చిన్న ఫైలు రాసి, మీ సైట్ ఫోల్డర్‌లో పెట్టి, బ్రౌజర్‌లో తెరవండి. పైన కనిపించే అంకే అసలుది. చూసిన వెంటనే ఆ ఫైలు తీసేయండి, అందులో సర్వర్ జాతకమంతా ఉంటుంది. మేం అలా తెరిస్తే 5.6 అనే వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ తిప్పి పంపాక మాట మార్చారు: "మాది క్లౌడ్‌లైనక్స్ సర్, పాత పీహెచ్‌పీ కూడా సేఫే."

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే జనం మోసపోతారు. క్లౌడ్‌లైనక్స్ అనేది షేర్డ్ హోస్టింగ్ సర్వర్ల కోసం చేసిన ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారుచేసేవాళ్లు పాత పీహెచ్‌పీలకి సొంతంగా భద్రతా సవరణలు చేసి ఇస్తారు, అది మంచి పనే. కానీ దాంతో కన్నాలు పూడతాయి తప్ప 5.6 కాస్తా 7.1 అయిపోదు. కొత్త సాఫ్ట్‌వేర్ అడిగే వెర్షన్ లేనప్పుడు ఆ సేఫ్టీని ఏం చేసుకోవాలి? వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకీ ఇదే ఇబ్బంది. 2024 జూలైలో వచ్చిన 6.6కే కనీసం పీహెచ్‌పీ 7.2.24 కావాల్సి వచ్చింది. లేదంటే పాత వెర్షన్ దగ్గరే ఆగిపోతారు.

చివరికి అసలు మాట బయటికొచ్చింది. కొత్త వెర్షన్లు కావాలంటే "ప్రీమియం" ప్లాన్‌కి మారాలట, తేడా డబ్బు కట్టాలట. అప్పటికి ముప్పై రోజుల రిఫండ్ గడువు దాటిపోయింది. టికెట్‌కి టికెట్‌కి మధ్య వాళ్లు తీసుకున్న సమయం చూస్తే ఆ గడువు కోసమే నాన్చారని నా అనుమానం.

పీహెచ్‌పీ సంగతి అందరూ అడుగుతారు, డేటాబేస్ సంగతి ఎవరూ అడగరు. నన్నడిగితే అదే ముఖ్యం. పీహెచ్‌పీ అయితే ఒక్కో అకౌంట్‌కి ఒక్కోటి పెట్టుకోవచ్చు. డేటాబేస్ సర్వర్ మాత్రం మామూలుగా ఆ మెషీన్ మీదున్న వందల సైట్లన్నిటికీ ఒక్కటే. మీ ఒక్కరి కోసం దాన్ని మార్చరు. మాకిచ్చిన దాంట్లో మైఎస్‌క్యూఎల్ 5.5 ఉంది, దాని ఆయుష్షు 2018 డిసెంబరులోనే తీరిపోయింది. పీహెచ్‌పీబీబీ దాంతో ఎలాగో సర్దుకుంటుంది. కానీ కొత్త చోటు నుంచి ఇలాంటి పాత సర్వర్‌కి వర్డ్‌ప్రెస్ తెచ్చుకునేవాళ్లు చిక్కుల్లో పడొచ్చు. మైఎస్‌క్యూఎల్ 8లో తయారైన టేబుళ్లలో 0900 అనే అంకె ఉన్న కొలేషన్ (అక్షరాల్ని పోల్చి వరసలో పెట్టే నియమం) ఉండొచ్చు. దాని పేరు 5.5కే కాదు, 5.7కి కూడా తెలియదు. ఇంపోర్ట్ అలాంటి మొదటి టేబుల్ దగ్గరే ఎర్రగీత పెట్టి ఆగిపోతుంది. ఎమోజీల గొడవ ఇంకోటి. తెలుగు అక్షరం మూడు బైట్లు కాబట్టి మైఎస్‌క్యూఎల్‌లోని పాత యూటీఎఫ్8లో (అక్షరానికి మూడు బైట్ల దాకానే ఇచ్చే పద్ధతి) ఇముడుతుంది, ఎమోజీకి నాలుగు కావాలి. నాలుగు బైట్లకి మారుద్దామంటే 255 అక్షరాల ఇండెక్స్ (వెతకడానికి పెట్టుకునే సూచిక) 1020 బైట్లు అవుతుంది, పాత ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లని దాచే భాగం) 767 దాటనివ్వదు.

ఇక వాళ్లని వదిలి వెళ్లిపోదామనుకున్నాక అసలు ప్రమాదం ఎదురైంది. దయచేసి ఈ ముక్క మాత్రం దాటేయకండి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఫైలు దిగింది, ఏ ఎర్రరూ రాలేదు. తెరిచి చివరికి వెళ్లి చూస్తే, బెండ మొక్కలకి పట్టిన పేనుబంక గురించి ఎవరో రాసిన పోస్టులో "వేప" అనే మాట దగ్గర ఫైలు తెగిపోయింది. నూనె దాకా రాలేదు. పెద్ద డేటాబేస్ అయితే సమయం మించగానే మధ్యలో ఆగిపోతుంది, ఆగినట్టు చెప్పదు కూడా. పీహెచ్‌పీబీబీ వాళ్లకి తేలిక గుర్తు ఒకటుంది: టేబుళ్లు అక్షరక్రమంలో దిగుతాయి, ఆఖరిది జీబ్రా. ఫైల్లో జీబ్రా టేబుల్ లేకపోతే మీ బ్యాకప్ సగమే. సీప్యానెల్‌లో బ్యాకప్ పేజీ నుంచి డేటాబేస్ దింపుకుంటే ఈ బెడద తక్కువ, ఎందుకంటే అది సర్వర్ లోపలే తయారవుతుంది. అలా దింపిన ఫైలు విప్పితే చివరి వరసలో "డంప్ కంప్లీటెడ్" అని తేదీతో సహా ఉండాలి.

అంతకుముందు మా డేటాని ఎక్కించింది కూడా వీళ్ల టెక్నీషియనే, "ఫ్రీ మైగ్రేషన్" కింద. ఆయన చేతిలో మొదటిసారి తెలుగంతా పాడైంది, మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ప్రతి అక్షరానికి బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన ఉష్ణోగ్రతకి పెట్టే చిన్న సున్నా, ఇలా పేజీ నిండా. యూటీఎఫ్8 ఫైలుని లాటిన్1 (పాశ్చాత్య భాషల అక్షరాలకే సరిపోయే పాత పద్ధతి) అనుకుని ఎక్కిస్తే వచ్చే తెగులు ఇది. 8.0 రాకముందు మైఎస్‌క్యూఎల్‌కి ఏమీ చెప్పకపోతే లాటిన్1 అనే అనుకునేది. ఇంగ్లీషు సైట్లలో ఇది కంటికి కనపడదు కాబట్టి వాళ్లకి పట్టదు. ఎవరు ఎక్కించినా, పాత హోస్టింగ్ రద్దు చేసేముందు పదేళ్ల కిందటి తెలుగు పోస్టు ఒకటి తెరిచి చదవండి.

కొత్త చోట పని సాఫీగానే జరిగింది, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పాత ఫైళ్లలో కాన్ఫిగ్ ఫైలు, ఫైల్స్, ఇమేజెస్, స్టోర్ ఫోల్డర్లు మాత్రం ఉంచి మిగతావి తీసేశాం. కాన్ఫిగ్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్ రకం) ఎదురుగా ఉన్న మైఎస్‌క్యూఎల్ అనే మాటకి చివర ఐ చేర్చాం, పాత ఫంక్షన్ల బదులు కొత్తవి వాడుకునేలా. డేటాబేస్ అప్‌డేట్‌ని బ్రౌజర్‌లో కాకుండా కమాండ్ లైన్ నుంచి నడిపాం, మధ్యలో తెగకుండా. కమాండ్ లైన్‌లో దొరికే పీహెచ్‌పీ, సైట్ పీహెచ్‌పీ వేరువేరుగా ఉండొచ్చు, ముందే చూసుకోండి. పాత థీములూ మాడ్‌లూ (బోర్డుకి అదనంగా తగిలించుకున్న మార్పులు) 3.3లో పనిచేయవు, వాటి మీద ఆశ వదులుకోండి.

కొనబోయేవాళ్లు చాట్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి: నా అకౌంట్ పెట్టే సర్వర్‌లోనే ఏయే పీహెచ్‌పీలు ఉన్నాయి, డేటాబేస్ మైఎస్‌క్యూఎలా, దాని నుంచి పుట్టిన మరియాడీబీనా, ఎన్నో వెర్షన్, ఎస్ఎస్‌హెచ్ (కమాండ్ లైన్‌లోకి వెళ్లే దారి) ఇస్తారా. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అడగండి. సెంట్ఓఎస్ 7 అంటే దానికి 2024 జూన్ 30తోనే కాలం చెల్లింది. ముందు ఒక నెలకే కట్టండి. నెలకి ఇంత అని చూపించే చవక ధర చాలాచోట్ల మూడేళ్లకి కడితేనే వస్తుంది, పైన 18 శాతం జీఎస్టీ వేరే, రెన్యువల్ ధర ఇంకా వేరే. బిల్లు దగ్గర మీరు అడగని బ్యాకప్, సెక్యూరిటీ ప్యాక్‌లకి ముందే టిక్ పెట్టి ఉంటే తీసేయండి. ఇలా బుట్టలోకి దొంగచాటుగా చేర్చడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని తప్పుదారి పట్టించే డిజైన్లు) మార్గదర్శకాలు తప్పుపట్టాయి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు చాట్ మొత్తం సేవ్ చేసి, వాళ్ల ప్రకటన పేజీని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మేం చేసింది అదే. "ఫ్రీ డొమైన్" వాళ్ల దగ్గరే తీసుకుని ఉంటే ఫిర్యాదు పెట్టేముందే ట్రాన్స్‌ఫర్ కోడ్ (డొమైన్‌ని వేరే కంపెనీకి మార్చుకోవడానికి కావాల్సింది) తెప్పించుకోండి. డాట్ కామ్ లాంటివైతే కొన్న 60 రోజుల దాకా మామూలుగా కదలనివ్వరు. మా డొమైన్ మొదటినుంచీ వేరే చోట ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే సైట్ పేరు కూడా వాళ్ల చేతిలోనే ఉండిపోయేది.