మొదటి ట్రాన్స్‌పోర్టులో మూడేళ్లు: హాల్టింగ్ బత్తా గురించి

గుంటూరులో నేను డ్రైవరుగా చేరిన మొదటి ట్రాన్స్‌పోర్టులోనే మూడేళ్లుగా లారీ తోలుతున్నాను. చేరేటప్పుడు ట్రిప్పుకు బత్తా ఎంత, బండి ఏ సంవత్సరానిది అన్న రెండు మాటలే అడిగాను. నన్ను ఇన్నాళ్లు అక్కడ నిలబెట్టింది మాత్రం, అడగాలని కూడా అప్పట్లో నాకు తెలియని హాల్టింగ్ బత్తా, అంటే సరుకు దించేదాకా బండి కదలకుండా నిలిచిపోయిన రోజులకు డ్రైవరుకు ఇచ్చే డబ్బు.

దాని విలువ నాకు బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్ దారిలో తెలిసింది. చేరిన ఏడాది జూన్‌లో బంగ్లాదేశ్‌కు వెళ్లే మిర్చి లోడుతో 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా కలకత్తా చేరి, అక్కడి నుంచి సరిహద్దుకు ముందున్న బన్‌గావ్ పార్కింగులో వరుసలో నిలిచాను. రెండు రోజుల్లో పని అయిపోతుందనుకుంటే పదకొండు రోజులు పట్టింది. అప్పుడే వానలు మొదలయ్యాయి. మిర్చి బస్తాకు తడి తగిలితే బూజు పడుతుంది, మాట పడేది డ్రైవరే. అందువల్ల రాత్రి రెండు మూడుసార్లు లేచి తాళ్లు బిగించి, పట్టా మడతల్లో నిలిచిన నీళ్లను కిందికి తోసేవాడిని. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, టెర్మినల్ దగ్గర ఊరికే వేచి ఉండే సమయం పదిహేను నిమిషాల లోపైతేనే దాన్ని పని గంటల్లో కలిపేదని తరువాత చదివినప్పుడు నాకు ఆ పదకొండు రాత్రులే గుర్తుకు వచ్చాయి.

రోజూ సాయంత్రం మా గుమాస్తా గారు ఫోను చేసి, "బాబూ, ఈ రోజు పార్కింగు చీటీ ఫోటో పంపించు" అనేవారు. నా మీద నమ్మకం లేక అడుగుతున్నారని బాధపడ్డాను. పక్క బండిలోని ఒంగోలు డ్రైవరు మాత్రం, "తమ్ముడూ, మా ఆఫీసులో ఆ చీటీ అడిగేవాడే లేడు, నీకు అడుగుతున్నారంటే సంతోషించు" అన్నాడు. తిరిగి వచ్చి ట్రిప్పు లెక్క చూసుకుంటే, మొదటి రోజు తీసేసి మిగిలిన పది రోజులకు రోజుకు 400 చొప్పున 4,000 రూపాయలు, పార్కింగుకు నేను కట్టిన డబ్బు, విడివిడిగా రాసి ఉన్నాయి. ఆ ఫోటోలు చూపించడం వల్లే మిర్చి వ్యాపారి దగ్గర హాల్టింగ్ వసూలు చేశామని గుమాస్తా గారు చెప్పినప్పుడు, ఆయన్ను అనుమానించినందుకు సిగ్గుపడ్డాను.

ఆ తరువాత చాలాకాలం కనిపించిన ప్రతి కొత్త డ్రైవరుకూ ఈ ఆఫీసు పేరే చెప్పాను. ఇప్పుడు కొంత ఆగి చెబుతున్నాను. నిరుటి నుంచి మొదటి రెండు రోజులు లెక్కలోకి తీసుకోవడం లేదు. తిరుగు లోడు కోసం ఎదురుచూసిన రోజులకైతే మొదటినుంచీ ఏమీ ఇవ్వరు. చేరేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, కలకత్తా పక్కనున్న డాంకుని దగ్గర అయిదు రోజులు సొంత డబ్బుతో తిన్నాక తెలిసింది. వరుసలో అంగుళం అంగుళం కదిలినప్పుడు ఎక్కువ కాలిన డీజిలును కూడా ఒకసారి మైలేజి తగ్గిందంటూ నా జీతంలో పట్టుకున్నారు, వాదిస్తే సగం వదిలారు.

అందుకే హెవీ లైసెన్సుతో మొదటి బండి వెతుకుతున్నవారు, హాల్టింగ్ ఎన్నో రోజు నుంచి లెక్కవేస్తారో, అది తిరుగు లోడుకు వర్తిస్తుందో లేదో ముందే అడిగి, వీలైతే వాట్సాప్‌లో రాయించుకోవాలని నా మనవి. నాకింకా పెళ్లి కాలేదు, అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. ఇరవై రోజులు ఇంటికి రాకపోయినా నాకు గడుస్తుంది కాబట్టి ఈ ట్రాన్స్‌పోర్టు సరిపోయింది. మా బావకు ఇద్దరు చిన్నపిల్లలు. జగ్గయ్యపేట సిమెంటు లోడ్లు తోలే బండిలో హాల్టింగ్ కింద రూపాయి రాకపోయినా రెండో రోజుకల్లా ఇల్లు చేరవచ్చు కనుక, అందులోనే చేరమని ఆయనకు నేనే చెప్పాను.