స్టీరింగ్ డాంపరుతో నాలుగేళ్లు: క్లిక్కులు పెంచుకుంటూ పోయి తెలుసుకున్నది

నా కేటీఎం 390 డ్యూక్ బైక్‌కు కంపెనీ నుంచి స్టీరింగ్ డాంపరు (హ్యాండిల్ ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకోకుండా అదుపు చేసే పరికరం) రాదు. కర్నూలు రహదారిలో ఫ్లైఓవర్ల అతుకుల మీద వేగంగా వెళ్ళినప్పుడల్లా హ్యాండిల్ విదిలించుకోవటం చూసి, నాలుగేళ్ల క్రితం రాడ్డు తరహా డాంపరును బిగించుకున్నాను. ముప్పై ఆరు వేల కిలోమీటర్లు తిరిగిన తరువాత రాస్తున్న మాటలివి.

రాడ్డు చివరి పిస్టన్ సిలిండరులోని ఆయిల్ గుండా కదులుతుంది. హ్యాండిల్ నెమ్మదిగా తిరిగితే ఆయిల్ సన్నని దారిలో సులువుగా జారిపోతుంది, ఒక్కసారిగా కొట్టుకుంటే అదే దారి అడ్డుపడుతుంది. డాంపరు మీది నాబ్‌ను బిగించేకొద్దీ ఆ దారి సన్నబడుతుంది. నా దానిలో ఆ నాబ్‌కు 18 క్లిక్కులు, అంటే 18 మెట్లు ఉన్నాయి. పూర్తి వదులు నుంచి లెక్కిస్తే మొదట ఆరు దగ్గర ఉంచాను. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పది దాటితే హ్యాండిల్ బరువెక్కి, బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ తూలుతుంది. అధిక వేగంలో మరీ బిగిస్తే హ్యాండిల్ వణుకు తగ్గినా బండి మొత్తం పాములా ఊగే స్వభావం పెరుగుతుందన్నది చాలామంది నమ్మని నిజం.

రెండో ఏడాది ఆ ఆరు ఎనిమిదైంది, తరువాత పదకొండైంది. వేసవి ఎండకు ఆయిల్ పలుచబడిందనుకున్నాను. అది కొంతవరకు నిజమే కాబట్టి అనుమానం రాలేదు. చలికాలంలోనూ తగ్గించలేకపోయేసరికి, ముందు చక్రాన్ని పైకెత్తి, డాంపరును విప్పేసి హ్యాండిల్ తిప్పి చూశాను. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగింది. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) అరిగిపోయింది! ఎనిమిది నెలలపాటు డాంపరు ఆ జబ్బును కప్పిపుచ్చింది, నేనేమో నాబ్ తిప్పుతూ దానికి సహకరించాను. కొత్త కోన్‌సెట్ పడ్డాక మళ్ళీ ఐదు క్లిక్కులే సరిపోయాయి.

నిర్వహణలో నేను ఎక్కువగా చూసుకునేది రాడ్డు చివర్లలోని బాల్ జాయింట్లను. వాటిలో వెంట్రుకంత ఆట వచ్చినా, వణుకు మొదలయ్యే ఆ తొలి చిన్న కదలికలో డాంపరు పనిచేయనట్టే; ఎన్ని క్లిక్కులు బిగించినా ఆ లోటు తీరదు. రాడ్డును మెత్తని బట్టతో తుడుస్తాను, సీలు మీదికి ప్రెషర్ వాటర్ కొట్టనివ్వను. బిగించేటప్పుడు హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఇరువైపులా రాడ్డుకు కొన్ని మిల్లీమీటర్ల ప్రయాణం మిగిలిందో లేదో చూడాలి, లేకపోతే బండి పడినప్పుడు హ్యాండిల్ స్టాపరు పని డాంపరు మీద పడి రాడ్డు వంగుతుంది. బిగించిన మెకానిక్ ఇది చూడలేదు; ఇంటికొచ్చి క్లాంపును నేనే జరుపుకున్నాను.

మూడో ఏడాది సీలు కారింది. ఆయిల్ తగ్గి లోపల గాలి చేరటంతో, దిశ మారిన ప్రతిసారీ క్షణకాలం చేతికి ఏ పట్టూ తెలిసేది కాదు. విడి సీళ్లు రావని, కొత్తది కొనుక్కోమని అమ్మినవారు తేల్చేశారు. పాత సీలును పట్టుకెళ్ళి రాణిగంజ్‌లోని హైడ్రాలిక్ సీళ్ల దుకాణంలో కొలత చూపిస్తే సరిపోయేది దొరికింది. పలుచని ఫోర్క్ ఆయిల్ (ముందు షాక్ అబ్జార్బర్లలో పోసేది) పోసి, గాలి పూర్తిగా పోయేదాకా రాడ్డును లాగుతూ నెడుతూ ఓ ఆదివారం గడిపాను. ఒక వేసవి నిలిచిన ఆ సీలు దగ్గర గత వారం మళ్ళీ సన్నని నూనె జిడ్డు కనిపించింది; ఈసారి రెండు సీళ్లు తెచ్చుకోవాలి.