చెన్నైలో రూము తీసుకునేవారికి హెచ్చరిక: డబ్బు కట్టే ముందు పిన్ కోడు చూడండి

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వైద్యానికో, పెళ్లి బట్టలకో, వీసా పనికో చెన్నై వెళ్లి రాత్రి అక్కడ ఉండవలసినవారు ఈ విషయాన్ని పూర్తిగా చదవాలని కోరుతున్నాను. మా నాయనకు కంటి పరీక్షల కోసం నుంగంబాక్కంలోని ఒక ఆసుపత్రిలో ఉదయం 7 గంటలకు రమ్మన్నారు. ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఉన్నట్టు ప్రకటించుకున్న ఒక లాడ్జిలో, బుకింగ్ యాప్ ద్వారా ముందే డబ్బు కట్టి రూము తీసుకున్నాము. యాప్‌లోని మ్యాపు కూడా దానిని నుంగంబాక్కంలోనే చూపించింది. తీరా రాత్రి చెన్నైలో దిగి ఫోన్ చేస్తే, తమ భవనం పోరూరు దాటాక మౌంట్-పూనమల్లి రోడ్డులో ఉందని చెప్పారు. అది ఆసుపత్రికి 10 కిలోమీటర్లకు పైగా దూరం. డబ్బు తిరిగి ఇమ్మంటే తప్పు యాప్‌దని లాడ్జివారు, వివరాలు లాడ్జివారే ఇచ్చారని యాప్‌వారు చెప్పి, రద్దు చేస్తే పైసా రాదన్న షరతును చూపించారు. చూపు సరిగా ఆనని పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఆ వేళప్పుడు వేరే రూము వెతకవలసి రావడం ఎంత బాధాకరమో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఇలాంటి ప్రకటనలకు చెన్నై రోడ్ల పేర్లు బాగా అనుకూలిస్తున్నాయి. అన్నా శాలై అని బోర్డుల మీద కనిపించే మౌంట్ రోడ్డు నగరం నడిమధ్యన ఉంటుంది. పూనమల్లి హైరోడ్డు సెంట్రల్ స్టేషను పక్కగా సాగుతుంది. మౌంట్-పూనమల్లి రోడ్డు మాత్రం ఈ రెండూ కాదు. అది సెయింట్ థామస్ మౌంట్ వైపు నుంచి పోరూరు మీదుగా పూనమల్లికి పోతుంది. ప్రకటనలో "మౌంట్" అనో, "పూనమల్లి" అనో కనబడితే అది వీటిలో ఏ రోడ్డో తేల్చుకోకుండా డబ్బు కట్టవద్దు. అందుకు నాకు తెలిసినంతలో నమ్మదగిన ఆధారం పిన్ కోడు: గ్రీమ్స్ రోడ్డు, థౌజండ్ లైట్స్ ప్రాంతానికి 600006, ఎగ్మోరుకు 600008, టి.నగరుకు 600017, నుంగంబాక్కానికి 600034, పోరూరుకు 600116. లాడ్జికే నేరుగా ఫోన్ చేసి, పిన్ కోడుతో సహా పూర్తి చిరునామాను మెసేజిగా పంపమని అడగండి. పంపడానికి వెనుకాడితే ఆ రూము వదిలేయడమే మంచిది.

పని ఏ పేటలో ఉందో రూము ఆ పేటలోనే చూసుకోవాలి. ఊరి చివర అద్దెలో మిగిలే డబ్బు ఆటోలకే పోతుంది, పైగా ఉదయం ట్రాఫిక్‌లో డాక్టరు ఇచ్చిన సమయం కూడా తప్పిపోవచ్చు. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల రోగుల వెంట వచ్చేవారి కోసమే చిన్న లాడ్జీలు చాలా ఉన్నాయి. అమెరికా కాన్సులేటు ఇక్కడికి దగ్గరలో, జెమిని ఫ్లైఓవరు పక్కనే ఉంది కనుక వీసా పనికి వెళ్లేవారికీ ఈ ప్రాంతమే వీలు. బట్టల కొనుగోలుకు వెళ్లేవారు టి.నగరులో మాంబళం స్టేషను దగ్గర ఉంటే, తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ రైలులో సెంట్రల్‌కు చేరి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషనులో తాంబరం వైపు లోకల్ రైలు ఎక్కి నేరుగా వెళ్లవచ్చు. తిరుపతి బస్సులో వెళ్లేవారు మాత్రం తాము దిగేది నగరానికి ఉత్తరాన ఉన్న మాధవరంలో అని గుర్తుంచుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2015లోను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడును వేళచ్చేరి వంటి పల్లపు ప్రాంతాలు ఎలా మునిగాయో మనమందరమూ చూశాము. ఆ నెలల్లో అద్దె తక్కువని అటువైపు పోవద్దు.

మాలాగే మోసపోయినవారు ఊరుకోకండి. ప్రకటన పేజీని, మ్యాపును, డబ్బు కట్టిన రసీదును స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని, ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెన్నై తిరగవలసిన పని లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. మా ఫిర్యాదు కాగితాలను చిత్తూరులో దాఖలు చేయడానికి సిద్ధం చేస్తున్నాము.