తంగేడా, రత్నగంధా?

విశాఖలో ఇంటి ముందు ఒక్క పొదకే చోటుంటే ఏది నాటాలి? రెండూ చిక్కుడు కుటుంబానివే, రెండింటికీ నిండు ఎండ కావాలి. నా ఓటు తంగేడుకే.

రత్నగంధి అందాన్ని కాదనలేను. ఎర్రని రేకులకు పసుపు అంచు, మధ్యలోంచి పొడుచుకొచ్చిన పది పొడవాటి కేసరాలు, చుట్టూ సీతాకోకచిలుకలు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్క బార్బడోస్ జాతీయ పుష్పం. 3 మీటర్ల దాకా పెరుగుతుంది. కొమ్మలకు ముళ్లుంటాయి కాబట్టి గేటు పక్కన వద్దు. ఎండిన కాయ టప్పున పగిలి గింజలు ఎగిరిపడతాయి. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

తంగేడు మన నేల మొక్క, తెలంగాణ రాష్ట్ర పుష్పం. దీని బెరడుతో తోళ్లు పదును చేసేవారు. ఆకు మొదట్లో చూడండి, చెవి తమ్మెల్లాంటి రెండు చిన్న రేకులుంటాయి. ఎంత ముచ్చటగా ఉంటాయో! ముళ్లు లేవు. విశాఖ వేసవిలో నీళ్లకు కటకటైనా, వేరూనిన తంగేడు ఎర్రమట్టిలో తట్టుకుంటుంది. నీళ్లు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు. గింజను గరుకు రాతిపై కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి, తొలకరికి నాటండి.