కొండపి దగ్గర కాప్సికం నారు కొన్న నర్సరీ: నారు సూపర్, షేడ్ నెట్ వద్దు

మాది కొండపి పక్కన, పొగాకు మానేసి 10 సెంట్లలో పాలీహౌస్ (ప్లాస్టిక్ షీట్ కప్పిన పందిరి) వేసి రంగుల కాప్సికం పెడదామని పోయినేడు ఒంగోలు రోడ్డులో ఉండే ఒక నర్సరీలో నారు తీసుకున్నా. నారు మాత్రం చాలా బాగుంది అండి, ప్రోట్రేల్లో (గుంటల ట్రేలు) కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్‌లో పెంచిన 40 రోజుల మొక్కలు, వేళ్లు తెల్లగా ఉండి గుంజితే ఉండ చెదరకుండా వచ్చింది, 1000 తెస్తే 20 కూడా చావలా. ఎరుపుకి బాంబే, పసుపుకి ఒరోబెల్లె రకాలు ఇచ్చారు. ఓనర్ ఓపిగ్గా చెప్తాడు, "అన్నా మొక్కకి రెండే కొమ్మలు ఉంచు, మొదటి పంగలో వచ్చే పువ్వు గిల్లెయ్, తాడుతో పైకి కట్టు" అని, అట్నే చేశా, కాయ సైజు బ్రహ్మాండంగా వచ్చింది.

లోపల కట్టడానికి అక్కడే కొన్న షేడ్ నెట్ మాత్రం నచ్చలా. 50 శాతం నీడ అన్నారు, ఒక్క వేసవికే అంచులు పీలికలైపోయినాయి, అడిగితే గ్యారంటీ లేదన్నారు, చాలా బాధేసింది. మన దగ్గర మార్చి దాటితే పగలు 35 డిగ్రీలు దాటుద్ది, ఆ వేడికి కాప్సికం పూత రాలిపోద్ది, కాబట్టి నెట్ దగ్గర కక్కుర్తి పడొద్దు, మంచిది వేరేచోట చూసుకోండి.

ఇంకోటి, పచ్చికాయ తొందరగా కోతకొస్తది గానీ రంగు తిరగాలంటే ఇంకొన్ని వారాలు ఆగాలి, అప్పుడు డ్రిప్ నీళ్లు ఒకరోజు ఇచ్చి రెండ్రోజులు ఆపితే కాల్షియం అందక కాయ అడుగున నల్లమచ్చ పడుద్ది. రోజూ కొంచెం కొంచెం ఇవ్వండి.