అక్టోబర్ 2న సేవాగ్రామ్‌లో

మా నాన్న రిటైరైన టీచర్. ఏటా గాంధీ జయంతికి బడిలో పిల్లల చేత భజన పాడించేవారు. "ఒక్క జయంతైనా బాపూ ఉన్నచోట గడపాలిరా" అని ఎన్నాళ్లుగానో అంటున్నారు. పోయినేడాది మహారాష్ట్రలో వార్ధా దగ్గర గాంధీజీ ఆశ్రమమున్న సేవాగ్రామ్‌కు తీసుకెళ్లాను.

మనవాళ్లకు సేవాగ్రామ్ చేరడం తేలికే. కాజీపేట, బల్హార్షా మీదుగా నాగపూర్ వెళ్లే దారిలోనే సేవాగ్రామ్ జంక్షన్ వస్తుంది. అన్ని రైళ్లూ ఆగవు కాబట్టి చూసుకుని టికెట్ తీయండి. జయంతి రోజున ఆటోలకు గిరాకీ ఎక్కువ, రేటు ముందే మాట్లాడుకోవాలి.

మొదటి రాత్రి వార్ధాలో ఓ హోటల్లో దిగాం. ఏసీ ఉంది గానీ రోడ్డు హోరుకు నాన్నకు కన్నంటుకోలేదు. రెండో రాత్రి ఆశ్రమం దగ్గరి యాత్రీ నివాస్‌కు మారాం. మంచం, ఫ్యాను, బకెట్టు, అంతే. అయినా నా ఓటు దీనికే. తెల్లవారకముందే ప్రార్థనకు నడిచి వెళ్లిపోవచ్చు. జయంతికి గదులు దొరకడం కష్టం, ముందే అడిగి పెట్టుకోండి.

గాంధీజీ 1936లో ఇక్కడికి వచ్చేసరికి ఆయనకు అరవై ఏడో ఏడు నడుస్తోంది. అప్పుడు ఊరి పేరు సేగావ్. తనకు ఇల్లు కట్టే ఖర్చు వంద రూపాయలు దాటకూడదని షరతు పెట్టారు. మొదట ఉన్నది ఆది నివాస్‌లో. తర్వాత ఉన్న బాపూ కుటీ ఆయన శిష్యురాలు మీరాబెన్ తనకోసం కట్టుకున్నది. మట్టిగోడలు, పెంకుల కప్పు. గుమ్మం దగ్గర నాన్న చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వెళ్లారు. చాప, చిన్న రాతబల్ల, వైస్రాయ్ పెట్టించిన టెలిఫోన్, పాముల్ని చంపకుండా పట్టి దూరంగా వదలడానికి వాడిన బోను. ఆ బోను ముందు నాన్న చాలాసేపు నిలబడ్డారు. అహింస పాఠం ఎన్నిసార్లు చెప్పారో, ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదట.

అహ్మదాబాద్ సబర్మతిలో మ్యూజియం బాగుంటుంది, వివరాలు చక్కగా అర్థమవుతాయి. ఇక్కడ వివరించే బోర్డులు తక్కువ, తెలుగులో నాకేమీ కనబడలేదు. పిల్లలతో వచ్చేవాళ్లు కాస్త చదువుకుని రావాలి. కానీ ఆయన ఎంత తక్కువతో బతికారో కళ్లతో చూడాలంటే ఇక్కడికే రావాలి.

జయంతి రోజంతా చరఖాలు తిరుగుతూనే ఉన్నాయి. నాన్న కూడా కూర్చున్నారు. దారం మాటిమాటికీ తెగుతుంటే పక్కనున్న పెద్దావిడ ఏమీ అనకుండా రెండు కొసలూ వేళ్ల మధ్య మెలిపెట్టి అతికించి ఇచ్చింది. సాయంత్రం ఆరుబయట సర్వమత ప్రార్థన. మైకు హడావుడి తగ్గితే ఇంకా బాగుండేది. జనంలో కొందరు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తుంటే మనసు చివుక్కుమంది.

మర్నాడు ధామ్ నది ఒడ్డున పవనార్‌లో గాంధీజీ శిష్యుడు వినోబా భావే ఆశ్రమానికి వెళ్లాం. 1951లో ఆయన ఈ ప్రాంతం నుంచే కాలినడకన హైదరాబాద్ దగ్గరి మన శివరాంపల్లికి బయలుదేరారు. ఆ నడకే ఏప్రిల్ 18న పోచంపల్లిలో, భూమి లేనివాళ్లకు భూమి ఇప్పించే భూదానోద్యమమైంది. నాన్న నది గట్టు మీద కూర్చుని, "రైల్లో ఒక రాత్రిలో వచ్చేశాం, ఆయన నడిచారురా" అన్నారు. జేబులోంచి తను వడికిన దారం ముక్క తీసి చూసుకుని, మళ్లీ జాగ్రత్తగా మడిచి పెట్టుకున్నారు.